మన ఊరికి వచ్చు ఇంజనీరింగు విద్యార్థులకు మనమేమి నేర్పగలము?

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 18:1-3, 24-26, నెహెమ్యా 2:11-18



అపొల్లో చదువుకొనినవాడు. అతని జన్మస్థలమైన అలెక్సంద్రియ ఆ కాలమున గొప్ప విద్యానగరము. అతడు లేఖనములు బాగుగా ఎరిగినవాడనియు, మాట నేర్పరియనియు లూకా వ్రాయుచున్నాడు. అయినను అతడు తెలిసికొనవలసినది ఇంకను కొంత మిగిలియుండెను. ఆ కొరతను తీర్చినవారెవరు? డేరాలు కుట్టి జీవించు భార్యాభర్తలు. అకులయు ప్రిస్కిల్లయు సమాజమందిరములో పదిమంది యెదుట అతని తప్పు పట్టలేదు. అతనిని తమయొద్దకు చేర్చుకొని, నెమ్మదిగా విశదపరచిరి. చేతిపనివారు పండితునికి నేర్పిరి, పండితుడు నేర్చుకొనెను. ఇరుపక్షములను మెచ్చుకొనవలసినదే.

ఈ మాసము ఈ భాగమును తీసికొనుటకు ఒక కారణమున్నది. మూడేండ్లుగా మా ఊరికి ఒక ఇంజనీరింగు కళాశాలనుండి మొదటి సంవత్సరపు విద్యార్థులు సేవానిమిత్తమై వచ్చుచున్నారు. వారికి బస, భోజనము చూచుటయు, ఊరిలో తోడుగా తిరుగుటయు మా సంఘము పైబడినది. ఇతర గ్రామముల కాపరులు కొందరు, "మీరేమి చేసితిరి? మా ఊరికిని వచ్చెదమనుచున్నారు" అని మమ్ము అడుగుచున్నారు. మేము చేసినది చెప్పెదము. చెడగొట్టినది కూడ చెప్పెదము.

మొదటి ఏడు వారు వచ్చుచున్నారని తెలిసినప్పుడు మా పెద్దలలో ఒకరు, "ఇంజనీర్లు వస్తున్నారంట గదా అయ్యగారూ, చెరువు తూము బాగుచేస్తారా?" అని అడిగిరి. బస్సు దిగిన పిల్లలను చూచి ఆయనే నవ్వుకొనిరి. పదునెనిమిదేండ్ల పిల్లలు. మొదటి సంవత్సరమున వారు చదువునది గణితము, భౌతిక రసాయన శాస్త్రములు, ఇంగ్లీషు, కొంత కంప్యూటరు, కొంత డ్రాయింగు; కర్మశాలలో ఆకురాయి పట్టి ఇనుప ముక్కను నున్న చేయుదురు. తూము కట్టు చదువు ఇంకను వారివద్దకు రాలేదు. అంతకుముందు రెండేండ్లు హాస్టలు గోడల మధ్య ప్రవేశపరీక్షకు సిద్ధపడిన పిల్లలు వారిలో అనేకులు. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులుండుననియు, అందులో ఒకటి సరియైనదనియు వారికి అలవాటైనది. ఊరిలోనైతే జవాబుల మాట అటుండగా, ప్రశ్నయే ఎవరును వ్రాసి పెట్టియుండరు.

ఇట్టి సేవ క్రొత్తది కాదు. జాతీయ సేవా పథకము 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి సంవత్సరమున, 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ప్రారంభమైనది. అందు చేరినవారు రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను. ఏడు దినముల శిబిరము కూడ నుండును. 2014లో ఉన్నత్ భారత్ అభియాన్ అను పథకము వచ్చి, కళాశాలలు గ్రామములను ఎన్నుకొని వాటితో కలిసి పనిచేయవలెనని చెప్పినది. మన ఆంధ్ర రాష్ట్రములో 2023-24లో చేరిన ఇంజనీరింగు విద్యార్థులనుండి మొదటి ఏటి పాఠ్యక్రమములోనే సమాజసేవకు చోటిచ్చి అర క్రెడిట్ పెట్టిరి. రెండవ సంవత్సరము ముగిసిన వేసవిలో ఎనిమిది వారముల సమాజసేవయు నున్నది. అనగా మార్కులకొరకు వచ్చువారును ఉందురు. ఒక పిల్లవాడు మాతో ఆ మాట ముఖముననే చెప్పెను. మాకు కోపము రాలేదు. అబద్ధము చెప్పి వచ్చినవానికంటె నిజము చెప్పి వచ్చినవానితో పని సులువు.

ఇక మొదటి ఏటి సంగతి. వారు రాకముందే మా సంఘ పెద్దలము కూడి, వారు చేయవలసిన పనులను నిర్ణయించితిమి. దేవాలయపు ప్రహరీకి వెల్ల వేయుట, చేతిపంపు ప్రక్క ఇంకుడు గుంత త్రవ్వుట, అట్టలమీద నినాదములు వ్రాసికొని ఊరేగుట. పాలెమువారిని ఎవరిని అడుగలేదు. ప్రహరీ మనకు కావలెను గనుక ఊరికిని కావలెనని అనుకొంటిమి. ఇది మా తప్పు; కళాశాలవారిది కాదు.

వీటికితోడు నీటి పని ఒకటి. మాది మెట్ట ప్రాంతము. పొదిలి, దర్శి, కనిగిరి పరిసరములలో నీటి ఫ్లోరైడు ఎంత పాత బాధయో చదువరులకు తెలియును. నాడు నెల్లూరు జిల్లాలోనుండిన ఈ ప్రాంతపు జనుల ఎముకల వ్యాధిని గూర్చి 1937లోనే వైద్య పరిశోధకులు వ్రాసిరి. త్రాగు నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండుట మేలనియు, వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నర వరకు సరిపెట్టుకొనవచ్చుననియు మన దేశపు ప్రమాణము. అది మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పిల్లల పండ్లు గారపట్టును, పెద్దల కీళ్లు బిగిసికొనిపోవును. కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైనకొలది చిక్కబడును. ఈ ఒక్క సంగతియే మన స్త్రీలలో అనేకులకు తెలియదు గనుక ఇక్కడ వ్రాయుచున్నాము.

ఆ పిల్లలు నల్లగొండ పద్ధతిని పుస్తకములో చదివి వచ్చిరి. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు రూపొందించిన పద్ధతి యది. బకెట్టు నీటిలో కొలత ప్రకారము సున్నము, పటిక కలిపి, బాగుగా కలియబెట్టి, కదల్చక నిలువనిచ్చినచో మడ్డి అడుగునకు దిగును. పైనున్న నీటిని కుళాయిద్వారా తీసికొనవలెను. మంచి పద్ధతియే. పిల్లలు పదునెనిమిది ఇండ్లకు కుళాయి బిగించిన బకెట్లు పంచిరి, కలుపు విధమును చూపిరి, ఫోటోలు తీసికొనిరి. ఏడవ దినమున మేము ప్రార్థన చేసి పంపితిమి. అందరము సంతోషించితిమి.

వేసవి నడుమ ఇండ్లు దర్శించుచు చూడగా ఒక బకెట్టులో కందులు, ఒకదానిలో ఉతికిన బట్టలు, ఒకదానిలో కోడిపెట్ట పొదుగుచున్నది. ఒక తల్లిని అడిగితిమి. "నీళ్లు బాగానే తేరుకున్నాయి అయ్యగారూ. వాళ్లిచ్చిన పటిక నెలలో అయిపోయింది. మళ్లీ ఎంత వెయ్యాలో ఎవర్ని అడిగేది? ఎక్కువేస్తే వగరు, తక్కువేస్తే ఏమన్నా అయిద్దేమోనని భయం" అనెను. ఆమె మాటలో సోమరితనము లేదు. నీటిలో ఫ్లోరైడును బట్టియు, క్షారగుణమును బట్టియు పటిక కొలత మారును. అది పరీక్ష చేయువాడు చెప్పవలసినది. ఆ మడ్డిని ఎక్కడ పారబోయవలెనో కూడ ఎవరును చెప్పియుండలేదు. పిల్లలు వెళ్లిపోయిరి. వారి సెమిస్టరు ముగిసినది. ఆమె దాహము ముగియలేదు గదా.

అప్పుడు మేము నెహెమ్యాను మరల చదివితిమి. అతడు రాజు చేతి పత్రములతో, కలప ఇప్పించు ఉత్తరువుతో యెరూషలేమునకు వచ్చినవాడు. వచ్చిన దినముననే గోడ మొదలుపెట్టుటకు అతనికి అడ్డేమియు లేదు. అయినను మూడు దినములు ఊరకుండి, రాత్రివేళ కొద్దిమందితో లేచి, ఎవరికిని చెప్పక పాడైన గోడ చుట్టు తిరిగి చూచెను. ఒకచోట అతని వాహనము పోవుటకు దారియే లేదని వ్రాయబడినది. అంత దగ్గరగా చూచినాడు. తరువాతనే జనులతో మాటలాడెను. మూడవ అధ్యాయములో ఆ గోడ కట్టినవారి పట్టీ చూడుడి: కంసాలులున్నారు, సుగంధద్రవ్యములు చేయువారున్నారు, ఒక అధిపతి కుమార్తెలున్నారు. ఎవరి యింటికి ఎదురుగా నున్న గోడను వారు కట్టుకొనిరి. మా ఊరి బకెట్లు ఎవరి యింటికి ఎదురుగాను కట్టబడలేదు.

రెండవ ఏడు కళాశాల అధ్యాపకునితో ముందుగనే మాటలాడితిమి. ఆయన యువకుడు, మంచివాడు. మేము కోరినదొక్కటే: ఏడు దినములలో మొదటి మూడు దినములు ఎవరును పార పట్టరాదు, రంగు డబ్బా మూత తీయరాదు. ఇద్దరిద్దరిగా ఇండ్లకు పోవలెను. ఆడపిల్లలను ఆడవారున్న ఇండ్లకే పంపితిమి. వారి రాత్రి బస మా యింటను, బైబిలు స్త్రీ యింటను. ఆ ఇంటివారు చేయు పనిలో చేయి వేయవలెను, ప్రశ్నలు పిదప. నీటికి పోవునప్పుడు బిందె తామే ఎత్తవలెను. అడుగులు లెక్కపెట్టవలెను, గడియారము చూడవలెను, వ్రాసికొనవలెను. మొదటి ఏటివారికి తూము కట్టుట రాకపోయినను కొలుచుట వచ్చును, అడుగుట నేర్పవచ్చును. మా అనుభవములో కొలుచుట సగము పని.

పిల్లలలో కొందరు అలిగిరి. "మేం పని చెయ్యడానికొచ్చాం ఫాదర్, కూర్చోడానికి కాదు" అని ఒకడనెను. (మేము ఫాదరు కామనియు, పాస్టరుమనియు మొదటి ఏడు దిద్దుచుంటిమి, రెండవ ఏడు మానుకొంటిమి.)

మూడవ దినమున జరిగినది చెప్పవలెను. పాలెము చివర ఒక వృద్ధురాలు, విధవరాలు, ఒంటరిగా నుండును. మోకాళ్లు బిగిసి, గోడ పట్టుకొని నడచును. ఇద్దరు ఆడపిల్లలు ఆమె యింటికి వెళ్లగా మేమును వెంట నుంటిమి. ఎండవేళ. ఆమె లేచి, కుండలో నీళ్లు రెండు స్టీలు గ్లాసులలో ముంచి తెచ్చెను. ముందటి దినముననే ఆ బోరు నీటిని రంగు మారు పరీక్షతో చూచియుండిరి; ఫ్లోరైడు మూడు దాటినదని తేలినది. పిల్లల సంచులలో సీసా నీళ్లున్నవి. ఇద్దరును గ్లాసులు పట్టుకొని నిలిచిరి. ఒక అమ్మాయి మా ముఖము చూచెను.

ఆ వృద్ధురాలు, "ఏందమ్మా, మా ఇంట్లో నీళ్లు తాగరా?" అనెను.

ఆ మాట వెనుక ఎన్ని తరముల బాధ యున్నదో మన సంఘములవారికి వివరింపనక్కరలేదు. మేము నోరు తెరువబోయి మానుకొంటిమి. ఒక అమ్మాయి గ్లాసు ఎత్తి గడగడ త్రాగెను. రెండవ అమ్మాయి త్రాగలేదు. గ్లాసు మెల్లగా క్రింద పెట్టెను.

ప్రతి సాయంకాలము బడి వరండాలో అందరిని కూర్చుండబెట్టి, ఆ దినము చూచినది, ఆశ్చర్యపడినది, సిగ్గుపడినది చెప్పించు నియమము పెట్టుకొంటిమి. నేర్చుట అక్కడనే జరుగునని ఇప్పుడు మాకు తోచుచున్నది. పగటి పని దానికి ముడిసరుకు. ఆ సాయంకాలము త్రాగని అమ్మాయి ఏడ్చెను. "నేను ఫ్లోరైడుకి భయపడ్డాను, ఇంకేం కాదు" అనెను. మేము ఆమెను నమ్మితిమి. ఒక గ్లాసువలన హాని లేదనియు, ఏండ్లపాటు దినదినము త్రాగుటవలననే ఆ వ్యాధి వచ్చుననియు చెప్పితిమి. నీ భయమేదో ఆ అవ్వకు తెలియదు, ఆమె ఎరిగిన అవమానము వేరు అనియు చెప్పితిమి. అప్పుడు ఆ దినమువరకు ఎన్నడును మాటలాడని పిల్లవాడొకడు, "మనకి ఒక్క గ్లాసే భయమైతే, ఆమె అరవై ఏళ్లుగా తాగుతుంది గదా. నిన్న పరీక్ష చేశాం. ఆమెకి ఎవరైనా చెప్పారా?" అనెను. ఎవరును చెప్పలేదు. కాగితముమీద వ్రాసికొని వచ్చిరి, అంతే. మేమును చెప్పలేదు.

మరునాడు ఉదయమున ఆ అమ్మాయి తానుగా లేచి వెళ్లెను. కారణము చెప్పి క్షమాపణ అడిగెను. వృద్ధురాలు, "ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా తల్లీ" అని, కొంతసేపటికి, "అయితే నా మోకాళ్లు ఈ నీళ్ల వల్లేనా?" అని అడిగెను. అమ్మాయి, "నాకు తెలియదు అవ్వా. డాక్టరు చూసి చెప్పాలి" అనెను. ఆ జవాబు నాలుగు జవాబులలో ఉండునది కాదు. ఆ ఒక్క మాట ఆమె నోట వచ్చుటకే ఏడు దినముల శిబిరము చాలునని మాకు తోచెను.

సంగతంతయు ఆ ఉదయముననే తేలినది. ఊరి మొగదల రోడ్డుప్రక్కన శుద్ధజలపు ప్లాంటు ఉన్నది. ఇరువది లీటర్ల క్యాను ఐదు రూపాయలు. అయితే అది తెరచు వేళ కూలివారు చేలకు పోవు వేళ. పాలెమునుండి అక్కడికి పిల్లలు లెక్కించిన అడుగులు పదునొకండు వందలు. నిండు క్యాను ఇరువది కిలోలు దాటును. మోటారుసైకిలున్నవారు తెచ్చుకొందురు. లేనివారు, ముసలివారు, గర్భిణులు బోరు నీరే త్రాగుదురు. ఊరిలో మంచినీరు లేకపోలేదు. అది పాలెము చివరకు నడచి రాలేదు. మా పెద్దలము ఇన్నేండ్లు అదే వీధిని నడచియు ఈ లెక్క వేయలేదు.

ప్లాంటు వేళను గూర్చి మా పెద్దలు పంచాయతీతో మాటలాడిరి. సాయంకాలము కూడ రెండు గంటలు తెరచుటకు ఒప్పుకొనిరి. మోయుటకొరకు పిల్లలు తోపుడు బండి చేసెదమనిరి. వారు కళాశాలకు తిరిగిపోయి బొమ్మ గీసికొని, తరువాత ఎనిమిది శనివారములు వచ్చిరి.

మొదటి బండి ఇండ్లు కట్టుచోట సిమెంటు తోయు బండివంటిది: ముందర ఒక చిన్న చక్రము, వెనుక రెండు పిడులు. మా వీధి ఇసుకలో ఆ చక్రము జానెడు పోయి దిగబడెను. అది దిగబడునని బొమ్మ చూచినప్పుడే మాకు తెలియును. చెప్పవలెనా, మానవలెనా అని ఆలోచించి మానితిమి. రెండు శనివారములు వ్యర్థమాయెను. ఇది సరియా అని అడిగినవారున్నారు. బండి విషయమున సరియే యని మా అభిప్రాయము. చక్రము దిగబడినచో ఎవరికిని హాని లేదు, ఎందుకు దిగబడెనో వారు మరువరు. అయితే నీటిలో మందు కలుపుట, కరెంటు తీగ ముట్టుట వంటి పనులలో తప్పుచేసి నేర్చుకొమ్మని విడిచిపెట్టరాదు. అక్కడ ముందే చేయి పట్టుకొని ఆపవలెను. ఏది ఎప్పుడో ఎరుగుటయే మార్గదర్శి పని.

పిమ్మట వారు పాత సైకిలు చక్రములు రెండు తెచ్చి, పెట్టెకు ఇరువైపుల ఒక్కొక్క చక్రమును లోపలివైపు మాత్రమే బిగించిరి. మా ఊరి వెల్డింగు పనివాడు ఆరవ తరగతితో బడి మానినవాడు. బండిచుట్టు ఒకసారి తిరిగి, "సైకిలు చక్రానికి రెండు పక్కలా పట్టు ఉంటది బాబూ. మీరు ఒక పక్కే పట్టుకున్నారు. నలభై కిలోలు పడితే ఇరుసు వంగిపోద్ది" అనెను. పదిమందియెదుట నవ్వలేదు. ఆ మాట చెప్పి, తన కొట్టులోనికి పిలిచి, చక్రమునకు ఇరుప్రక్కల పట్టీ ఎట్లు పెట్టవలెనో చేసి చూపెను. మాకు అకుల జ్ఞాపకము వచ్చెను. ఇంకొక సంగతి కూడ అక్కడనే తేలెను. మొదటి బండిలో బరువు చక్రమునకును పిడులకును నడుమ నుండెను గనుక సగము బరువు చేతులమీద పడెను. ఇరుసును క్యానుల క్రిందికి జరిపినప్పుడు చేతికి దాదాపు ఏమియు తెలియలేదు.

సాయంకాలపు కూటములో మాటలాడిన ఆ మౌనపు పిల్లవాడు పిడి పట్టుకొని, ఎత్తుచు దించుచు చాలసేపు నిలిచెను. వాడు తెలుగు మాధ్యమములో చదివి వచ్చినవాడు, కూలివారి బిడ్డ. ఇంగ్లీషు పాఠములు తలకెక్కక, మొదటి సెమిస్టరులో రెండు పరీక్షలు తప్పి, చదువు మానవలెనని అనుకొనుచుండెనట. ఆ సంగతి మాకు తరువాత చెప్పెను. "తులాదండము గురించి పదో తరగతిలో చదివా అయ్యగారూ, మార్కులు కూడా వచ్చినై. అది ఇది అని ఇప్పుడు తెలిసింది" అనెను. వాడు ఇప్పుడు మూడవ సంవత్సరములో నున్నాడు. ఒక పరీక్ష ఇంకను మిగిలియున్నది.

ఇక్కడ ఒక ప్రక్కమాట. ఈ మెట్ట సీమలో మనకు తండ్రివంటివాడైన జె. ఇ. క్లౌ దొరగారు యౌవనమున అమెరికాలో భూమి కొలతల పని నేర్చినవారు. 1876-78 నాటి గొప్ప కరవులో ఆయన బకింగుహాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుగా తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి యిప్పించిరి. మన ప్రసంగికులు మేస్త్రీలుగా నిలిచిరి. కొలత ఎరిగినవాడు గనుక ఆ పని చేయగలిగెను. అంతకంటె ముఖ్యమైనది: కరవు సహాయము నడచినంతకాలము బాప్తిస్మము అడిగినవారిని ఆయన ఆపియుంచిరి, కూటికొరకు వచ్చిరని ఎవరును అనకుండునట్లు. అది ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇది ఏల చెప్పుచున్నామనగా, మన ఊరికి వచ్చు విద్యార్థులు అన్ని కులములవారు, అన్ని మతములవారు. వారు మన అతిథులు. ఆరాధనకు రమ్మని మేమెవరిని బలవంతము చేయలేదు. వచ్చినవారిని వెనుక పంపలేదు. బండిమీద సంఘము పేరు వ్రాయవలెనని మా పెద్దలలో ఇద్దరు పట్టుబట్టిరి. వ్రాయలేదు. నీరు తెచ్చుకొను హిందూ సహోదరి ఆ పేరును తోసికొని పోవనక్కరలేదు.

బండ్లు నాలుగు చేసిరి. చేసి ఇచ్చినంతమాత్రమున చాలదని బకెట్లు మాకు నేర్పియుండెను. ఆ యధ్యాపకుడు మాకొక సంగతి చెప్పెను. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున పర్డ్యూ విశ్వవిద్యాలయములో లియా జేమీసన్, ఎడ్వర్డ్ కోయిల్ అను ఆచార్యులు 1995లో ఎపిక్స్ అను పద్ధతి మొదలుపెట్టిరట. అక్కడ మొదటి ఏటివారు, నాలుగవ ఏటివారు ఒకే జట్టులో నుందురు. స్థానిక సేవాసంస్థలతో ఏండ్లతరబడి సంబంధముంచుకొందురు. పెద్దవారు చదువు ముగించి పోవునప్పటికి చిన్నవారు ఆ పని ఎరిగియుందురు. వస్తువును అప్పగించిన తరువాత దాని మరమ్మతు కూడ జట్టు పనిలోనిదే. వారికున్న డబ్బు మనకు లేదు. అయినను పెద్దవాడు చిన్నవానికి అప్పగించుటకు డబ్బు అక్కరలేదు గదా. మోషే యెహోషువకు, ఏలీయా ఎలీషాకు అట్లే చేసిరి.

అందుచేత మేమొక దళసరి పుస్తకము కొని మా యింట ఉంచితిమి. విద్యార్థులు కొలిచినవి, అడిగినవి, చెడిపోయినవి అందులో వ్రాసి పోవలెను. మూడవ ఏడు వచ్చినవారు మొదటి దినము దానిని చదువుటకే కూర్చుండిరి. బకెట్ల సంగతిని మేమే మా చేతితో అందులో వ్రాసితిమి. పాత జట్టునుండి ముగ్గురు తమ సెలవు దినమున వచ్చి క్రొత్తవారిని పాలెములో త్రిప్పిరి. వారిలో ఆ మౌనపు పిల్లవాడొకడు. మా యౌవనస్థులలో ఇద్దరు ట్యూబు పంక్చరు వేయుట, ఊచలు బిగించుట నేర్చుకొనిరి. నెలకు ఇంటికి రెండు రూపాయల చొప్పున మరమ్మతుకు ప్రోగుచేయుచున్నారు. కొందరు ఇచ్చుచున్నారు, కొందరు ఇచ్చుట లేదు.

ఇప్పటికి నాలుగింటిలో మూడు బండ్లు నడచుచున్నవి. నాలుగవదానిని ఒకరు పొలమునకు ఎరువు బస్తాలు తోలుటకు తీసికొనిపోయి రిమ్ము వంచిరి. మూడవ ఏటి పిల్లలు దాని కొలతలు తీసికొనిపోయిరి. ఎరువు బస్తాకు కూడ ఓర్చునట్లు చేయవచ్చునా అని చూచుచున్నారట. పటిక బకెట్లు ఆరింటిని బడికి తెచ్చి చేతులు కడుగుకొనుటకు పెట్టితిమి. కోడిపెట్ట పొదిగినదానిని మాత్రము ఆ తల్లి ఇవ్వలేదు.

పాలెము చివరి వృద్ధురాలు పెద్ద ఆసుపత్రికి పోయి చూపించుకొనెను. కీళ్లు మరల సాగవని వైద్యుడు చెప్పెను. ఇప్పుడు ఆమె క్యాను నీరే త్రాగుచున్నది. ప్రక్కయింటి మనుమడు సాయంకాలము బండిమీద తెచ్చును. మొన్న ఆదివారము ఆరాధన ముగిసినతరువాత మమ్ము పిలిచి, "ఆ నీళ్లు తాగని పిల్ల ఈ ఏడు రాదా అయ్యగారూ?" అని అడిగెను. సంక్రాంతి వెళ్లిన వారములో వచ్చెదనని ఆమె మాకు కబురుపెట్టియున్నది. ఆ సంగతి చెప్పితిమి.